గోల్కొండ గెలుపే గుదిబండ (మొఘల్ సామ్రాజ్యం: 12వ భాగం)

1687 సెప్టెంబరు 21 తెల్లవారకముందే గోల్కొండ కోట తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. అప్పటికి ఎనిమిది నెలలుగా మొఘల్ సైన్యం కోట చుట్టూ దిగి ఉంది. ఆ ఏడు కరువు. గింజలకూ పశుగ్రాసానికీ కటకట. వానలు మొదలయ్యాక మంజీర పొంగి సరుకు వచ్చే దారులు తెగిపోయాయి, శిబిరంలో రోగాలు ముసురుకున్నాయి. జూన్‌లో బురుజుల కిందికి సొరంగాలు తవ్వి మందు దట్టించారు. లోపలివాళ్ళు ముందే పసిగట్టి ఎదురు సొరంగం తవ్వి కొంత మందు తీసేయడంతో పేలుడు బయటికే తన్నింది. ముట్టడి వేసినవాళ్ళే రాళ్ళ కింద నలిగిపోయారు. ఫిరంగులు చేయలేని పని చివరికి లంచం చేసింది. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు దిడ్డి తలుపు తీయించాడు. గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ మాత్రం ఒళ్ళంతా గాయాలై ఒరిగిపోయేదాకా కత్తి దించలేదు. సుల్తాను తానీషాను పట్టుకుని తర్వాత దౌలతాబాదు కోటలో బంధించారు. అంతకు ఏడాది ముందు, 1686 సెప్టెంబరులో, బీజాపూరు లొంగిపోయింది. అక్బరు కాలం నుంచి మొఘలులు దక్షిణాన కంటున్న కల అలా పండింది.

ఆ నాటి పటం చూస్తే కాబూలు నుంచి మచిలీపట్నం దాకా ఒకే పాదుషా. అందుకే పతనం ఎప్పుడు మొదలైందని అడిగితే మన పాఠ్యపుస్తకాలు 1707 దగ్గర, అంటే ఔరంగజేబు మరణం దగ్గర, గీత గీస్తాయి. అంతవరకు వైభవం, ఆ తర్వాత చేతగాని వారసులు అని పిల్లలకు చెప్పడం తేలికే. కానీ సాక్ష్యాలను వరుసలో పెట్టి చూస్తే ఆ గీత ఇరవై ఏళ్ళు వెనక్కి జరపాలనిపిస్తుంది. సామ్రాజ్యం కూలడం మొదలైంది అది అందరికంటే పెద్దదిగా కనబడిన 1687–89 మధ్యకాలంలోనే అన్నది ఈ భాగంలో నా వాదన. కారణం ఓటమి కాదు. గోల్కొండను, బీజాపూరును గెలిచిన తీరూ, గెలిచాక వాటిని ఏం చేయాలో తీసుకున్న నిర్ణయమూ.

అంతకుముందు గోల్కొండకూ ఢిల్లీకీ ఉన్న సంబంధం ఏమిటో ముందు చూడాలి. 1636లో షాజహాను ఒత్తిడికి తలవంచి కుతుబ్ షాహీ సుల్తాను ఒక ఒప్పందం రాసిచ్చాడు. మసీదుల్లో ఖుత్బా మొఘల్ పాదుషా పేరున చదవాలి, ఏటా 2 లక్షల హొన్నులు పేష్‌కష్‌గా, అంటే కప్పంగా, కట్టాలి. ఆ డబ్బు రావడానికి మొఘలులు ఇక్కడ ఒక్క గుర్రాన్ని మేపనక్కర్లేదు. పల్లెల్లో శిస్తు వసూలు, పాలెగాళ్ళను అదుపులో పెట్టడం, కొల్లూరు వజ్రపు గనుల గుత్తలు, కోస్తా రేవుల సుంకాలు, అన్నీ గోల్కొండ తలనొప్పులే. తానీషా మంత్రులు అక్కన్న మాదన్నల హయాంలో ఆ వ్యవస్థ ఎంత గట్టిగా పనిచేసిందో, ఎంత కఠినంగా ఉండేదో మన భద్రాచల రామదాసు కథే చెబుతుంది. శిస్తు సొమ్ము లెక్క చెప్పలేకపోతే తమ మనిషినైనా చెరసాలలో వేసే పరిపాలన అది. పేష్‌కష్ బకాయి పడడం నిజమే, ఆ బకాయిల మీద ఢిల్లీ కోపమూ నిజమే. 1685లో ఔరంగజేబు కొడుకు షా ఆలం సైన్యం హైదరాబాదులో ప్రవేశించినప్పుడు కోటి రూపాయలకు పైగా కట్టాలని, మాదన్నను తొలగించాలని పట్టుబట్టారు. 1686లో అక్కన్న మాదన్నలను నడివీధిలో నరికేశారు. అంటే బెదిరింపుతోనే ఢిల్లీ తనకు కావలసినది చాలావరకు రాబట్టుకుంది. అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు.

ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు ఔరంగజేబు పక్షాన బలమైన జవాబే ఉంది. గోల్కొండ సొమ్ము మరాఠాలకు చేరుతోంది. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి తానీషాతో పొత్తు కుదుర్చుకుని, ఆ డబ్బు అండతోనే కర్ణాటక దండయాత్రకు వెళ్ళాడు. శివాజీ కొడుకు శంభాజీకి కూడా ఇక్కడి నుంచి హొన్నులు వెళ్తున్నాయన్నది పాదుషా ఆరోపణ. మరాఠాలను అణచాలంటే వాళ్ళకు పెట్టుబడి పెట్టే ఇంటిని మూయించాలన్నది లెక్క. కాగితం మీద ఆ లెక్క సరిపోతుంది. దానిలో వదిలేసిన పద్దు ఒకటుంది: మూయించిన ఇంటి బాధ్యత ఎవరు మోస్తారు? ఆ ఇంట్లో కొలువు చేసే వేల మంది సిపాయిలు మర్నాడు ఎవరి దగ్గరికి వెళ్తారు?

ఈ ప్రశ్నకు జవాబు కోసం మొఘల్ యంత్రం లోపలి పళ్ళచక్రాలను చూడాలి. మన్సబ్‌దారుకు జీతం సాధారణంగా నగదుగా రాదు. ఇన్ని గుర్రాలు నిలపాలని హోదా ఇచ్చి, దానికి సరిపడా శిస్తు వచ్చే ఊళ్ళను జాగీరుగా కేటాయిస్తారు. ఆ ఊళ్ళ రాబడి ఇంత అని దఫ్తరులో రాసిన అంకె జమ. నిజంగా చేతికి వచ్చేది హాసిలు. రెండూ ఒకటి కావని అందరికీ తెలుసు. అందుకే షాజహాను కాలానికే నెలల లెక్క వచ్చింది. జమలో పన్నెండు నెలల రాబడి ఉన్నట్టు రాసినా, నిజంగా ఆరు నెలల పాటి మాత్రమే వచ్చే జాగీరు ఆరు నెలల జాగీరు. దాన్నిబట్టే అతను నిలపవలసిన గుర్రాల సంఖ్య తగ్గిస్తారు. ఈ లెక్కలో అట్టడుగున ఉన్నది దక్కనే. అక్కడ నాలుగు నెలల పాటి వస్తే గొప్ప. ఈ విషయం ఔరంగజేబుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1652 నుంచి దక్కను సుబేదారుగా ఉన్నప్పుడు ఇక్కడి రాబడి ఇక్కడి ఖర్చుకే చాలడం లేదని తండ్రికి వరసపెట్టి ఉత్తరాలు రాసింది ఆయనే. ఆ లోటు పూడ్చడానికి మాళ్వా, సూరతు ఖజానాల నుంచి నగదు తెప్పించుకున్నదీ ఆయనే. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ లోటు నేల పక్కనే ఇంకో రెండు రాజ్యాలను కలిపేసుకున్నాడు.

కలిపేసుకోవడానికి చెల్లించిన వెల ఇంకొకటి. కోటలు ఫిరంగులతో కన్నా ఎక్కువగా మనుషులను కొనడంతో పడ్డాయి. కొన్న ప్రతి మనిషికీ మన్సబు ఇవ్వాలి, ఇచ్చిన ప్రతి మన్సబుకూ జాగీరు వెతకాలి. హైదరాబాదును 1685లో వదిలేసి అవతలి పక్షంలో చేరిన గోల్కొండ సేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం మహబత్ ఖాన్ బిరుదుతో పెద్ద మన్సబ్‌దారు అయ్యాడు. గాయాలు మానాక లారీ కూడా చివరికి మొఘల్ కొలువులోనే చేరాడు. చరిత్రకారుడు అథర్ అలీ దఫ్తరులన్నీ జల్లెడ పట్టి తేల్చిన అంకెలు ఇక్కడ పనికొస్తాయి. వెయ్యి అంతకు పైబడిన జాత్ హోదా ఉన్నవాళ్ళు 1658–78 మధ్య 486 మంది, 1679–1707 మధ్య 575 మంది. వాళ్ళలో మరాఠాలు 27 నుంచి 96కు పెరిగారు. మొత్తం పెరుగుదల మరీ పెద్దదేమీ కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా దక్కను వాళ్ళు. వాళ్ళకు ఇవ్వవలసిన నేల, అసలే వసూళ్ళు రాని, మరాఠా గుర్రాలు తొక్కుతున్న నేల. తరతరాలుగా పాదుషాను కొలిచిన ఇళ్ళవాళ్ళు జాగీరు కోసం ఏళ్ళ తరబడి దఫ్తరు చుట్టూ తిరుగుతుంటే, నిన్నటిదాకా ఎదురు నిలిచి పోరాడినవాడికి మంచి ఊళ్ళు దక్కాయి. ఆ కడుపుమంట ఆనాటి రాతల్లో కనిపిస్తుంది.

ఇక్కడ తప్పక ఎదుర్కోవలసిన అభ్యంతరం ఒకటుంది. గోల్కొండలో మొఘల్ పరిపాలన మీద ప్రత్యేకంగా పనిచేసిన జాన్ రిచర్డ్స్, జాగీర్ల కొరత నిజమైన కొరత కాదన్నాడు. గెలిచిన నేలలో మంచి భాగాలను ఔరంగజేబు ఖాల్సా కింద, అంటే నేరుగా ఖజానాకే, అట్టిపెట్టుకున్నాడనీ, యుద్ధానికి నగదు కావాలి కాబట్టి కావాలనే పంచలేదనీ ఆయన వాదన. నేల లేక ఇవ్వలేదన్న వాదనకు ఇది గట్టి దెబ్బే. అయినా నా వాదనకు దీనివల్ల బలమే గానీ నష్టం లేదు. ఎప్పటికీ తెగని యుద్ధం కోసం గెలిచిన నేల రాబడినంతా ఆ యుద్ధానికే మళ్ళించవలసి వచ్చిందంటే, ఆ గెలుపు సామ్రాజ్యానికి ఏమీ కూడబెట్టలేదన్నమాట. నేల లేక ఇవ్వలేదా, ఉండి ఇవ్వలేదా అన్నది దఫ్తరులో కూర్చున్నవాడికి ముఖ్యం. గుర్రానికి దాణా కొనలేక సిపాయికి జీతం ఎగ్గొట్టిన మన్సబ్‌దారుకు రెండూ ఒకటే.

1689 నాటికి ఇంకా పెద్ద తప్పిదం జరిగింది. ఆ ఏడు ఫిబ్రవరిలో సంగమేశ్వరంలో శంభాజీ పట్టుబడ్డాడు, మార్చిలో చిత్రహింసల పాలై చనిపోయాడు. రాయగఢ్ పడింది, అతని చిన్న కొడుకు శాహు మొఘల్ శిబిరంలో బందీగా పెరిగాడు. మూడు సింహాసనాలూ ఖాళీ అయ్యాయి. సరిగ్గా అందుకే సమస్య మొదలైంది. రాజు ఉన్నంతకాలం అతని మెడ మీద చేయి వేసి ఒప్పందం రాయించుకోవచ్చు, అతని మాట కింది సర్దార్లు వింటారు. రాజు లేకపోతే ఎవరితో సంధి? శంభాజీ తమ్ముడు రాజారాం తమిళదేశంలోని జింజీకి తప్పించుకుపోయి, అక్కడి నుంచి ఎవరు గెలిచిన నేల వాళ్ళదే అన్నట్టుగా సర్దార్లకు పట్టాలు రాసిచ్చాడు. బీజాపూరు, గోల్కొండల్లో కొలువులు పోయిన సిపాయిలకు ఆ పిలుపు చాలు. మొఘలులు అప్పటిదాకా ఒక రాజ్యంతో పోరాడారు. ఇక మీదట వందల దళాలతో, దేశ్‌ముఖులతో, పాలెగాళ్ళతో పోరాడవలసి వచ్చింది.

ఆ పోరు ఎలా నడిచిందో చూడండి. జింజీని పట్టడానికి మొఘల్ సేనాని జుల్ఫికర్ ఖాన్‌కు ఏడెనిమిదేళ్ళు పట్టింది. 1698లో కోట పడేలోపే రాజారాం మళ్ళీ తప్పించుకున్నాడు. 1695 చివర చిత్రదుర్గ దగ్గరి దొడ్డేరిలో మరాఠా సేనాని సంతాజీ ఘోర్పడే మొఘల్ సేనాని ఖాసిం ఖాన్‌ను చిన్న గఢీలో ఇరికించి తిండి లేకుండా చేశాడు. ఖాన్ అక్కడే ప్రాణం విడిచాడు, మిగిలినవాళ్ళు పెద్దమొత్తం చెల్లించి బయటపడ్డారు. కొద్దివారాలకే బసవపట్టణం దగ్గర మరో మొఘల్ సేనాని హిమ్మత్ ఖాన్ హతుడయ్యాడు. పాదుషా శిబిరం మాత్రం కదిలే మహానగరంలా ఉండేది. 1695లో కృష్ణ ఒడ్డున గలగలి దగ్గర దాన్ని చూసిన ఇటలీ యాత్రికుడు గెమెల్లీ కారేరి అందులో 5 లక్షల మంది ఉంటారని రాశాడు. అంకె అటూఇటూ అయినా, అంత జనానికి గింజలు, అన్ని ఏనుగులకు మేత చుట్టుపక్కల పల్లెలే పెట్టాలి. 1699 నుంచి ఎనభై దాటిన వయసులో పాదుషా తానే సతారా, పన్హాలా, విశాల్‌గఢ్, సింహగఢ్ అంటూ ఒక్కో కొండకోట మీదికి వెళ్ళాడు. వాటిలో చాలావరకు డబ్బిచ్చి తీసుకున్నవే. శిబిరం అవతలికి కదలగానే మరాఠాలు తిరిగి ఎక్కినవీ చాలానే ఉన్నాయి. 1702–04లో కరువూ మహమ్మారీ దక్కనును ఊడ్చేశాయి. ఆ యుద్ధం తిన్న తిండి రైతుదే అన్నది ఏ అధికార చరిత్రలోనూ పెద్ద అక్షరాలతో కనిపించదు. నాకు ఈ కథలో అన్నింటికన్నా బాధ కలిగించే సంగతి అదే.

ఆ యుద్ధాన్ని కింది నుంచి చూసినవాడు భీమసేన్ సక్సేనా. బుర్హాన్‌పూరుకు చెందిన ఈ కాయస్థుడు దళపత్ రావ్ బుందేలా కొలువులో లెక్కలు రాస్తూ జింజీ దాకా తిరిగాడు. జాగీర్ల నుంచి డబ్బు రాక మన్సబ్‌దార్లు సిపాయిలను తగ్గించుకోవడం, పల్లెజనం ఆయుధాలు పట్టి మరాఠాలతో చేరడం, కొందరు మొఘల్ అధికారులు లోపాయికారీగా మరాఠాలకు చౌత్ కట్టి తమ ఊళ్ళను కాపాడుకోవడం ఆయన రాశాడు. ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పాదుషా ఇచ్చిన జాగీరులో పాదుషా మనిషే పాదుషా శత్రువుకు నాలుగోవంతు కడుతున్నాడు. తన ఊళ్ళను కాపాడగలిగేది ఎవరో అతనికి అర్థమైంది. సార్వభౌమాధికారం చేతులు మారడం అంటే ఇదే. ఇది 1707కు ముందే, పాదుషా బతికి ఉండగానే, ఆయన శిబిరానికి కూతవేటు దూరంలోనే జరిగింది.

పాదుషా దక్షిణాన కూరుకుపోతే ఉత్తరం ఏమైంది? 1681లో దక్షిణానికి బయలుదేరిన ఔరంగజేబు మళ్ళీ ఢిల్లీ ముఖం చూడలేదు. గోల్కొండ పడిన మరుసటి ఏడే, 1688లో, జాట్ నాయకుడు రాజారాం మనుషులు ఆగ్రా పక్కనే సికంద్రాలో ఉన్న అక్బరు సమాధిని దోచుకున్నారు. సామ్రాజ్యాన్ని నిలబెట్టినవాడి సమాధికి, పాత రాజధాని వాకిట్లో, కాపలా లేని రోజులు అవి. మంచి సైన్యం, నమ్మకమైన సర్దార్లు, ఉత్తరాది ఖజానాల డబ్బు అన్నీ వింధ్య దాటి వెళ్ళిపోయాయి.

మన నేల సంగతి ఇంకా స్పష్టం. హైదరాబాదు సుబా మొదటి పదేళ్ళు కాస్త కుదురుగానే నడిచింది. సుబేదారు జాన్ సిపార్ ఖాన్, ఆ తర్వాత అతని కొడుకు రుస్తుం దిల్ ఖాన్ సాయశక్తులా పాలించారు. కానీ సుబాలో ఉండవలసిన గుర్రాలు పడమట యుద్ధంలో ఉన్నాయి. మరాఠా దళాలు వచ్చి దోచుకుపోతుంటే ఆపే దిక్కు లేదు. మచిలీపట్నం వర్తకం సన్నగిల్లి మద్రాసు వైపు మళ్ళింది. ఆ ఖాళీలోంచే సర్వాయి పాపన్న లేచాడు. ఓరుగల్లు ప్రాంతపు గౌడ కుటుంబంలో పుట్టినవాడు షాపూరు దగ్గర కోట కట్టుకున్నాడు. అతన్ని అణచడానికి వెళ్ళిన రుస్తుం దిల్ ఖాన్ నెలల తరబడి కోట ముందు కూర్చుని, చివరికి సొమ్ము పుచ్చుకుని తిరిగొచ్చాడు. 1708 ఏప్రిల్‌లో మొహర్రం రోజుల్లో పాపన్న దళం ఓరుగల్లు నగరంలోకి జొరబడి సంపన్నులను దోచి, వేల మందిని బందీలుగా తీసుకుపోయింది. పాపన్నను మన పల్లెపదాలు వీరుడని పాడతాయి, మొఘల్ చరిత్రకారులు బందిపోటని రాశారు. ఎవరి మాట తీసుకున్నా సుబా గురించి తేలేది ఒక్కటే: గోల్కొండను గెలిచిన ఇరవై ఏళ్ళకు మొఘలులు ఓరుగల్లును కాపాడలేకపోయారు. 1710లో పాపన్నను పట్టి చంపిన తర్వాత కూడా ఆ కాపాడే శక్తి తిరిగి రాలేదు.

కారణం ఔరంగజేబు మతవిధానమే అనేవాళ్ళకు జవాబు చెప్పాలి. 1679లో ముస్లిమేతరుల మీద జిజియా పన్ను మళ్ళీ వేయడం, అదే ఏడు రాథోడులతో తగవు పెట్టుకోవడం పెద్ద తప్పులే. సంధికి అవసరమైన నమ్మకాన్ని అవి తినేశాయి. కానీ వాటినే మూలకారణం అనడానికి సాక్ష్యం ఒప్పుకోదు. అథర్ అలీ లెక్కల్లోనే పై హోదాల్లో హిందువుల వాటా 1658–78లో ఐదోవంతుకు కాస్త ఎక్కువైతే, 1679 తర్వాత దాదాపు మూడోవంతు. పాదుషా కూల్చిన బీజాపూరు, గోల్కొండ ముస్లిం రాజ్యాలే. జిజియాను 1713 నాటికే ఎత్తేశారు, అయినా పతనం ఆగలేదు. రోగం అదే అయితే మందు పడ్డాక కొంతైనా నిమ్మళించాలి కదా.

వారసులు చేతగానివాళ్ళు అన్న మాట కూడా సగమే నిజం. పదమూడేళ్ళ అక్బరు గద్దెనెక్కినా, జహంగీరు చివరి ఏళ్ళలో అధికారం నూర్జహాను చేతుల్లో ఉన్నా యంత్రం నడిచింది. జాగీరు అడిగినవాడికి జాగీరు దొరికింది కాబట్టి నడిచింది. 1707 తర్వాత గద్దెనెక్కిన బహదూర్ షా అనుభవం లేనివాడేమీ కాదు, దక్కనులో ఏళ్ళ తరబడి యుద్ధం చేసినవాడు. ఇవ్వడానికి మాత్రం ఆయన చేతిలో మిగిలింది తక్కువ. ఇక 1739 నాటి నాదిర్ షా దండయాత్ర. అతను కర్నాల్ దాకా, అంటే ఢిల్లీకి రెండు మూడు రోజుల దారిదాకా, రాగలిగాడంటే సరిహద్దు అంతకుముందే పోయిందన్నమాట. దోపిడీ పతనానికి ఫలితమే గానీ మొదలు కాదు.

పద్దెనిమిదో శతాబ్దంలో బెంగాలు, అవధ్, హైదరాబాదు బాగానే బతికాయి కదా, పతనమెక్కడ అని ఇటీవలి చరిత్రకారులు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. దేశం చెడిపోవడం, సామ్రాజ్యం చెడిపోవడం ఒకటి కాదు. ఆ సుబాల్లో రాబడి ఉంది, సుబేదారు అక్కడే ఉండి దాన్ని రాబట్టుకున్నాడు. ఢిల్లీకి పంపడమా మానడమా అన్నది అతని ఇష్టమైంది. 1724లో షకర్ ఖేడా దగ్గర హైదరాబాదు సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను ఓడించి నిజాం ఉల్ ముల్క్ హైదరాబాదును తన సొంతం చేసుకున్నది ఆ దారిలోనే. అంటే మొఘలులు ఎంతో రక్తం పోసి రద్దు చేసిన గోల్కొండ ఏర్పాటే, పేరుకు పాదుషాకు విధేయుడైన స్థానిక ప్రభువు రూపంలో, నలభై ఏళ్ళు తిరగకముందే మళ్ళీ పుట్టింది. 1636 ఒప్పందం ఇచ్చిన పేష్‌కష్ మాత్రం తిరిగి రాలేదు.

1719 మార్చిలో ఢిల్లీలో కూర్చున్న పాదుషా తన ముద్ర వేసి మరాఠా పేష్వా బాలాజీ విశ్వనాథ్‌కు సనదులు ఇచ్చాడు. దక్కనులోని ఆరు సుబాల్లో నాలుగోవంతు చౌత్, దాని మీద పదోవంతు సర్దేశ్‌ముఖీ వసూలు చేసుకునే హక్కు వాటిలో ఉంది. ఆ ఆరింటిలో హైదరాబాదు ఒకటి. గోల్కొండ దిడ్డి తలుపు తెరుచుకుని అప్పటికి 32 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ సనదులు రాయించిన సయ్యద్ సోదరుల కథ వచ్చే భాగంలో.